రెండో ఆగ్నేయం

నేను ఒక ఇనప పీపాను. మొదట కడుపునిండా ఇంజనాయిలు మోశాను. అది ఖాళీ అయ్యాక నూకరాజు నా పొట్టకు తలుపు కోసి, నెత్తిన పొగగొట్టం పెట్టి, నన్ను పొయ్యిని చేశాడు. నన్నడిగి చేయలేదు. మనుషులకు ఆ అలవాటు లేదు.

నూకరాజు ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసేవాడు. నర్సుగా పనిచేసే భార్య వరహాలుకు లంబసింగి బదిలీ కాగానే లేతు మిషనుతో సహా వెంట వచ్చేశాడు. పెరట్లో రేకుల షెడ్డు వేసి, చెక్కగోడల సందుల్లో రంపపు పొట్టు కూరి, పడమటి కిటికీ దగ్గర మిషను బిగించాడు. నన్ను మాత్రం మోసుకెళ్లి అవతలి మూల పెట్టాడు.

"అంత దూరమేటండీ?" అంది వరహాలు.

"అగ్గి ఆగ్నేయంలోనే ఉండాల," అన్నాడు.

చలికాలం వచ్చింది. నేను ఒళ్లు ఎర్రబడేదాకా కాలాను. నా వేడికి సుఖపడింది మూలనున్న చీపురు ఒక్కటే. మిషను దగ్గర లక్క చలికి బిగుసుకుని కర్రను పట్టలేదు, పట్టినా మర్నాటికి పెచ్చులూడింది. బుద్ధెరిగినప్పటినుంచీ చేస్తున్న పని చేతిలోంచి జారిపోతుంటే అతని ముఖం చూడలేకపోయాను. బాధ కలిగింది, ఇనుముకు కలిగినంత.

నన్ను జరపమని వరహాలు నాలుగు రోజులు పోరింది. అతను వినలేదు. అయిదో రోజు ఉలులు, లక్క కడ్డీలు సంచిలో సర్దాడు.

"నాను ఊరెల్లిపోతానే. ఇక్కడ లక్క నా మాటినదు. నువ్వు డ్యూటీ సూసుకో."

"ఈ ఆదివారం దాకా ఆగండి," అంది ఆమె.

ఆదివారం షెడ్డు నడుమ గోడ నుంచి గోడకు తడిక కట్టి, రెండు పక్కలా మట్టి మెత్తింది. అది ఆరాక మొగుణ్ణి పిలిచింది.

"ఇప్పుడు మీ మిషనున్నది వేరే గది. దానికీ ఓ ఆగ్నేయం ఉంటాది గదా."

అతను తడికను చూశాడు, కిటికీని చూశాడు, వేలితో దిక్కులు లెక్క చూసుకున్నాడు. తప్పు దొరకలేదు.

"ఉంటాది," అన్నాడు.

అలా నేను తడిక పక్కకు, మిషనుకు నాలుగడుగుల దూరానికి చేరాను. చిన్నగది తొందరగా వేడెక్కింది. తిరుగుతున్న కర్ర మీద లక్క మెత్తగా పరుచుకుంది. నూకరాజు మొగలి ఆకుతో మెరుగుపెట్టి, తయారైన ఎర్ర బొంగరాన్ని వరహాలు చేతిలో పెట్టాడు. సంచిలో మిగిలిన ఉలులు తీసి గోడకు తగిలించాడు.

ఏడు చలికాలాలు కాలాను. అడుగు తుప్పుపట్టి చిల్లులు పడ్డాక నా చోటికి కొత్త పీపా వచ్చింది, నేను పెరట్లోకి వచ్చాను. షెడ్డు తలుపు తీసినప్పుడల్లా ఆ ఉలుల సంచి కనిపిస్తుంది. తడికకు కొట్టిన మేకుకు వేలాడుతోంది. అందులో వరహాలు వెల్లుల్లి దాస్తోంది.