గంటోళ్ళ గద్దె జరిగిన వైనం

ఆ బొగ్గుబాయి గేటు దగ్గర రెండు జెండా గద్దెలుండేవి. ఒకటి గొడుగు గుర్తు యూనియన్‌ది, ఇంకొకటి గంట గుర్తు యూనియన్‌ది. గోదావరిఖని ఎండలకు సున్నం పెచ్చులూడినా, వర్షాలకు మెట్లు కుంగినా, ఆ రెండింటి మధ్య పగ మాత్రం చెక్కు చెదరలేదు. గొడుగోళ్ళు తెల్లనిదంటే గంటోళ్ళు నల్లనిదనేవారు. ఎదుటివాడికి అపశకునం కావాలని తన ముక్కు కోసుకునే మనిషి ఊరికొకడుంటాడంటారు. ఆ బాయి మీద వాళ్ళకు కొదువ లేదు, పైగా వాళ్ళను కార్యదర్శులుగా ఎన్నుకునేవారు.

లింగవ్వ ఆ బాయి మీదే పనిచేసేది. ఆమె భర్త లోపల బొగ్గు నింపేవాడు. అతను పోయాక ఆ ఉద్యోగం ఆమెకొచ్చింది. ఆడవాళ్ళు గనిలోకి దిగరు కాబట్టి ఆమెకు పైపని ఇచ్చారు. గనిలోకి దిగేవాళ్ళకు దీపాలిచ్చే ల్యాంపు రూము ఊడ్చాలి, ఆఫీసుకు, క్యాంటీనుకు నీళ్ళు మోయాలి. ఆమెలాగే భర్తలు పోయి పనిలో చేరిన ఆడవాళ్ళు ఇంకొందరున్నారు. వాళ్ళందరిదీ ఒకటే బాధ, బాయి మీద ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేదు. మగవాడికి గోడ చాటు చాలు, ఆడది ఎక్కడికి పోతుంది? అందుకని డ్యూటీ ఎక్కింది మొదలు దిగేదాకా వాళ్ళు నీళ్ళు తాగేవారు కాదు. రామగుండం వైపు ఎండాకాలం ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. బిందెలకొద్దీ నీళ్ళు మోసే లింగవ్వ నాలుక పిడచకట్టుకుపోయి ఇంటికి చేరేది.

నిరుడు ఎండల్లో ఆమెకు చలిజ్వరం వచ్చింది, మూత్రంలో రక్తం పడింది. మరిది రాజం ఆటోలో దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరమ్మ పరీక్షలు చూసి గట్టిగా కోప్పడింది. నీళ్ళు తాగకుండా ఇలాగే ఉంటే మూత్రపిండాలు దక్కవని చెప్పేసింది. రాజం మంచం పక్కన తలవంచుకుని నిలబడి అంతా విన్నాడు. అతనే గొడుగు యూనియన్‌కు ఆ బాయి కార్యదర్శి.

మరి మరుగుదొడ్డి ఎందుకు కట్టలేదంటారా? మేనేజరు కట్టిస్తానన్నాడు. నీళ్ళ పైపు గేటు దాకానే వచ్చింది, కడితే అక్కడే కట్టాలి. అక్కడున్న రెండు గద్దెల్లో ఏదో ఒకటి జరగాలి. మీది జరపండంటే మీది జరపండని రెండు యూనియన్లూ కొట్టుకున్నాయి. మీరూ మీరూ తేల్చుకుని రండని మేనేజరు చేతులు దులుపుకున్నాడు. మొదట గొడుగోళ్ళు అడిగితే అది కాంట్రాక్టు కోసం ఆడే నాటకమని గంటోళ్ళు అడ్డుపడ్డారు. తర్వాత గంటోళ్ళు అడిగితే ఓట్ల కోసమని గొడుగోళ్ళు అడ్డుపడ్డారు.

ప్రత్యేక రాష్ట్రం కోసం రోడ్లమీద వంటావార్పూ జరుగుతున్న రోజులవి. ఆ వేడి చల్లారకముందే, కార్మికుల తరపున కంపెనీతో మాట్లాడే హక్కు ఏ యూనియన్‌దో ఓట్లతో తేల్చే గుర్తింపు యూనియన్ ఎన్నికలొచ్చాయి. ఒకరోజు క్యాంటీన్లో టైమాఫీసు గుమస్తా శాంతిరాజ్ ఇంగ్లీషు పేపరు ముందేసుకుని కూర్చున్నాడు. ఆయన ఆదివారం చర్చిలో పాటలు పాడతాడు, మిగతా రోజులు క్యాంటీన్లో లోకం సంగతులు చెబుతాడు. గొడుగోళ్ళు ఒకవైపు బల్లల మీద, గంటోళ్ళు రెండోవైపు బల్లల మీద. ఆయన ఎవరి పక్షమూ కాదు గనక మధ్యలో.

"అమెరికాల సుత ఎలక్షన్లే. అక్కడ పెద్దయి రెండే పార్టీలు. ఒకళ్ళది ఏనుగు, ఒకళ్ళది గాడిద" అన్నాడు శాంతిరాజ్.

"గాడిదకు ఎవలేస్తరన్నా ఓటు?" అన్నాడు గంటోళ్ళ బిక్షం.

"ఏనుగంటే పడనోళ్ళు ఏస్తరు" అన్నాడు శాంతిరాజ్. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "నిజంగనే చెప్తున్న. తమ పార్టీ మీద ప్రేమ కన్న అవతలి పార్టీ మీద కోపమే ఎక్కువట. తమోడు మంచోడు కాదని ఎరుకే. అయినా ఏస్తరు, అవతలోడు గెలవద్దని. అవతలోళ్ళ ఇంటికి పిల్లనియ్యాల్నంటే మనసొప్పనోళ్ళు సుత ఉన్నరట. వాళ్ళు మంచి పని పట్టుకొచ్చినా ఒద్దే అంటరు, వాళ్ళకు పేరొస్తదని."

"అచ్చం గంటోళ్ళ లెక్కనే" అని ఈ బల్లలు నవ్వాయి. "గొడుగోళ్ళను చూసే రాసిండ్రు" అని ఆ బల్లలు నవ్వాయి. ఏ ఒక్కడికీ ఆ మాట తన వీపుకు తగిలినట్టు లేదు.

లింగవ్వ గ్లాసులు తీస్తూ ఆగింది. "శాంతిరాజన్నా, గట్లయితే ఒకళ్ళు ఒద్దన్నది రెండోవాళ్ళు కావాలంటరా?"

"ఒక్కోసారి గట్ల సుత అయితది."

"ఒక్కసారి అయితే చాలు" అంది లింగవ్వ.

షిఫ్టు మారేటప్పుడు గేటు మీటింగు పెట్టడం బాయిల మీద ఆనవాయితీ. దిగేవాళ్ళు నెత్తికి ల్యాంపులతో, ఎక్కొచ్చినవాళ్ళు మసిమొఖాలతో కాసేపు నిలబడి వింటారు. మరునాడు గొడుగోళ్ళ మీటింగు. రాజం మైకు పట్టి గంటోళ్ళను ఉతికి ఆరేశాడు. తమ యూనియన్ గెలిస్తే ఏం చేస్తుందో మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. అతను ముగించబోతుండగా లింగవ్వ జనాన్ని తోసుకుని వచ్చి, "ఆడోళ్ళ తరపున నేనో మాట చెప్త, మైకియ్యి" అంది. రాజం ఇచ్చాడు.

"మాకు మరుగుదొడ్డి అక్కర్లేదు" అంది లింగవ్వ.

ఆమెతోపాటు పైపని చేసే సారవ్వ వెనక నుంచి ఆమె కొంగు పట్టి లాగింది. లింగవ్వ విదిలించుకుంది.

"జెండా గద్దె జరిపి దొడ్డి కట్టుడంటే జెండాకు అవమానం. మా గొడుగు గద్దె ఇంచు జరగది. గంటోళ్ళు జరుపుతరా అంటే వాళ్ళకంత ధైర్యం లేదు. మేం జరపనియ్యం సుత. ఎట్ల కడ్తరో చూస్తం."

జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. రాజం మైకు అందుకుని ఏదో అనబోయాడు. వదిన మొఖంలోకి ఒకసారి చూశాడు. తర్వాత, "మీటింగు అయిపోయింది, డ్యూటీకి పోండ్రి" అని దిగిపోయాడు. ఇంటికి పోయేదారిలో సారవ్వ లింగవ్వను తిట్టని తిట్టు లేదు. లింగవ్వ మాత్రం, "రేపటిదాక ఆగు" అంది.

రేపటిదాకా ఆగనే అక్కర్లేకపోయింది. గంటోళ్ళ కార్యదర్శి వీరేందర్‌కు కోపం ముక్కు మీదే ఉంటుంది. తర్వాతి షిఫ్టు దిగే వేళకే మైకు కట్టించాడు.

"ఆడబిడ్డల ఇజ్జత్ కన్న గద్దె ఎక్కువనా? ఒకామెతోని ఒద్దనిపిచ్చి ఆట ఆడుతున్నరా? మాకు ధైర్యం లేదంటరా?" అని అరిచి, మైకు పక్కన పడేసి, గడ్డపార తెప్పించాడు. తన చేతులతో కట్టిన గద్దెను తన చేతులతోనే కూలగొట్టాడు. ఈలలు, చప్పట్లు. కబురు విని తిరిగొచ్చిన లింగవ్వ గుంపు వెనక నిలబడి ఒక్కొక్క ఇటుకా ఊడుతుంటే కడుపు నిండా సంతోషపడింది. కోపాన్ని ఇంత చక్కగా పనిలో పెట్టినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అనుకుంది.

స్థలం దొరికింది. మేనేజరు ఆలస్యం చేయకుండా పని మొదలుపెట్టించాడు. అప్పుడు గొడుగోళ్ళ కమిటీ రాజం మీద పడింది. "మన గద్దె సుత జరుపుతమని చెప్పు. లేకుంటే ఆడోళ్ళ ఓట్లన్నీ గంగల కలుస్తయి" అని పోరారు. రాజం వినలేదు. జరగదన్నం, జరగదంతే అని ఒకటే మాట మీద కూర్చున్నాడు. మొండోడన్నారు, బుద్ధి లేనోడన్నారు, గంటోళ్ళకు అమ్ముడుపోయాడని కూడా ఎవరో అన్నారు. లింగవ్వకు ఆ మాటలు చెవినపడ్డాయి. మరిదికి పౌరుషమే గాని యుక్తి లేదని జాలిపడింది.

ఎన్నికలకు ముందే గది లేచింది. వీరేందర్ దాని తలుపు మీద పెద్ద గంట బొమ్మ వేయించాడు. "లోపలికి పోయినంక సుత ఓటడుగుతరా" అని ఆడవాళ్ళు నవ్వుకున్నారు. నవ్వుకుంటూనే వెళ్ళారు. ఆ బాయి మీద గంటే గెలిచింది. ఫలితాలొచ్చిన వారంలోనే గొడుగు యూనియన్ రాజంను కార్యదర్శి పదవి నుంచి తీసేసింది.

ఆదివారం లింగవ్వ మరిదిని ఓదార్చడానికి వెళ్ళింది. నిజం చెప్పాలంటే ఓదార్పు సగం, గొప్ప చెప్పుకోవడం సగం. అమెరికా సంగతి మొదలుకుని తన ఎత్తు అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. రాజం భార్య పోశవ్వ జొన్నరొట్టె చేస్తూ వింటోంది.

"నాకు భయమంత నీతోనే. నువ్వు పౌరుషానికి పోయి మేం సుత గద్దె జరుపుతమంటే అంత ఆగమయ్యేది. నీకు తట్టలే, నయమైంది" అంది లింగవ్వ.

"తట్టలేదా?" అన్నాడు రాజం. "నేనట్లంటే వీరేందర్ గడ్డపార అక్కడ్నే పడేసేటోడు వదినె. గొడుగోళ్ళకు పేరొస్తదంటే పని ఆపేటోడు. ఇరవై ఏండ్లసంది వాళ్ళతోని కొట్లాడుతున్న, వాని సంగతి నాకెరుక లేదా? నువ్వు మైకు పట్టిన రెండో మాటకే సమజైంది నాకు."

"మరి ఊకున్నవేంది?"

"దవాఖానల డాక్టరమ్మ నిన్ను తిట్టలేదు, నన్ను తిట్టింది. అన్న నౌకరిల నిన్ను పెట్టిచ్చింది నేనే. నీళ్ళు తాగకుండ పనిచెయ్యమని పెట్టిచ్చినట్టయింది."

పోశవ్వ రొట్టె తిప్పుతూ అందుకుంది. "కమిటోళ్ళు ఇంటి ముంగటికొచ్చి తిట్టిపోతుంటే గోడ దిక్కు మొఖం పెట్టి కూసున్నడక్క. అన్నం సుత సరిగ తినలే. ఏందంటే చెప్పడు."

వీరేందర్‌ది కోపం, కోపాన్ని ఆడించడం ఏపాటి పని. ఈ మనిషి ఆ కోపాన్ని మింగి, దాంతోపాటు పదవినీ మింగి, నోరు మెదపకుండా కూర్చున్నాడు. దాన్నే లింగవ్వ ఇన్నాళ్ళూ యుక్తి లేకపోవడం అనుకుంది.

"ఇంతకు ఓటు దేనికేసినవ్ వదినె?" అన్నాడు రాజం, మాట మార్చడానికి.

"గొడుగుకే."

"ఎందుకు?"

గంటోళ్ళంటే పడదు గనక, అన్నది నాలుక చివరిదాకా వచ్చింది. అదే నిజం. ఇన్నేళ్ళుగా ఆమె వేసిన ప్రతి ఓటు వెనకా ఉన్నది అదొక్కటే. లింగవ్వకు సిగ్గేసింది.

"మొన్నటిది గంటోళ్ళ మీది కోపానికేసిన" అంది మెల్లగా. "ఇగ వేసేది నిన్ను చూసి ఏస్త."

"నన్ను తీసేసిండ్రు గద. మల్ల ఎవలు నిలబెడ్తరు?"

"మేం నిలబెడ్తం" అంది లింగవ్వ. "రేపు ఆడోళ్ళందరినీ తోలుకోని మీ కమిటీ ఆఫీసుకొస్త. ఈసారి ఒద్దనుటానికి రాను."