పధ్నాలుగు లీటర్ల మందు

"పరీక్షకి చదివితే బంగాళాదుంపల తొక్కలు వాటంతట అవే ఊడతాయా, మెర్యా?" అంది అత్తగారు హెల్వి.

మెర్యా చాకు అందుకుంది. తొక్కలు తీసింది, దుంపలు ఉడకేసింది, ఆవిరిస్నానం గదిలో కట్టెలు పేర్చి అంటించింది. గది వేడెక్కడానికి గంట పడుతుంది. శనివారం మొత్తంలో ఆమెది ఆ గంటే. నలభై నాలుగేళ్ల వయసులో, బడి వంటగదిలో గిన్నెలు తోమే పని వదిలి నర్సు చదువులో చేరాలంటే లెక్కల పరీక్ష గట్టెక్కాలి.

నోటుబుక్కు తెరిచింది. పెద్దల బడిలో టీచరమ్మ నియమం ఒక్కటే. తప్పు చెరపకూడదు, గీత కొట్టాలి. లెక్క కింద ఎక్కడ ఆగిపోయారో, ఎలా బయటపడ్డారో రాయాలి. సగం మార్కులు ఆ రాతకే.

పిల్ల బరువు నలభై కిలోలు. కిలోకి పదిహేను మిల్లీగ్రాముల మందు. సీసాలో ఒక్కో మిల్లీలీటరుకి ఇరవై నాలుగు మిల్లీగ్రాములు. ఎన్ని మిల్లీలీటర్లు పట్టాలి? నలభైని పదిహేనుతో హెచ్చవేస్తే ఆరువందల మిల్లీగ్రాములు వచ్చింది. దాన్ని ఇరవై నాలుగుతో హెచ్చవేసింది. పధ్నాలుగు వేల నాలుగువందలు. అంటే పధ్నాలుగు లీటర్లు! బకెట్టెడు మందు ఏ పిల్ల తాగుతుంది? నవ్వొచ్చింది. పెళ్లయ్యాక తన తప్పు తనే పట్టుకోవడం ఇదే మొదటిసారి. ఇంతకాలం ఆ పని ఇంట్లో మిగతావాళ్లు చేసేవారు. హెచ్చవేయడం కాదయితే మరి...

భుజం మీంచి ఒక చెయ్యి వచ్చింది. మొగుడు ఇల్కా. కువోపియో ఊళ్లో బడిపిల్లలకి లెక్కల టీచరు. పిల్లల్ని తప్పు చెయ్యనివ్వండి, వాళ్లంతట వాళ్లే తేల్చుకోనివ్వండి అని తోటి టీచర్లకి పాఠాలు చెప్పే మనిషి. రబ్బరు తీసుకుని ఆమె అరగంట కష్టాన్ని బరబరా తుడిచేశాడు.

"భాగించాలి, పిచ్చిదానా. ఇరవై అయిదు. దీనికింత సేపా? కాఫీ పెట్టావా?"

"బళ్లో పిల్లలకీ ఇలాగే చేసిపెడతావా?"

"భలేదానివే! వాళ్లు నేర్చుకోవాలి కదా!"

తనేమన్నాడో అతనికే వినపడలేదు. ఆమెకి వినపడింది.

పెన్సిలు పక్కన పెట్టి పెన్ను తీసింది. పధ్నాలుగు లీటర్లతో సహా లెక్కంతా మళ్లీ వేసి, తప్పుకి గీత కొట్టి, భాగించింది. కింద రాసింది: 'పధ్నాలుగు లీటర్ల దగ్గర తప్పు నేనే పట్టాను. ఆగిపోయింది అక్కడ కాదు. మా ఆయన వచ్చి చెరిపిన చోట.'

ఇల్కా వంగి చదివాడు. మొహం ఎర్రబడింది. పెద్దల బడి టీచరమ్మ, అతను తోటి టీచర్లకి చెప్పే పాఠాలు విన్నావిడే.

"ఆవిడ చూస్తుంది. చెరిపెయ్."

"పెన్నుతో రాశాను," అంది మెర్యా. "కాఫీ పొడి ఎక్కడుందో నీ అంతట నువ్వే తేల్చుకో."