కాలరు కింద మూడు పోగులు

గోదావరి డెబ్బై ఒక్క అడుగులకు వచ్చిన ఏడాది ఇది జరిగింది. ఆ జూలైలో భద్రాచలంలో నా దర్జీ దుకాణం మూడు రోజులు నీళ్లలో ఉంది. నీళ్లు తీశాక చూస్తే మిషన్ నిండా బురద. తానులన్నీ కుళ్లు వాసన. తలుపు దగ్గరకు వేసి ఇంటికి వచ్చేశాను. మా అమ్మాయి శ్యామల కెనడా నుంచి ఫోన్ చేసింది. "వీసా ఎలాగూ ఉంది కదా నాన్నా, వచ్చెయ్" అంది. వచ్చాను.

వాళ్ల ఇల్లు టొరంటో పక్కన ఓక్‌విల్‌లో. కింద బేస్‌మెంట్‌లో ఇద్దరు ఆడపిల్లలు అద్దెకు ఉండేవారు. ధరణిది కంప్యూటర్ చదువు. రెండో అమ్మాయి సాత్వికది జగిత్యాల. టొరంటోలో ఒక కాలేజీలో నాటకాలకూ సినిమాలకూ బట్టలు తయారు చేసే చదువు చదివేది. కాస్ట్యూమ్ డిజైన్ అంటారట.

"లక్షలు పోసి ఇంత దూరమొచ్చి టైలరింగ్ నేర్సుకుంటున్నది తాతా ఈమె. మా ఇంటి పక్కన సుగుణక్క ఫ్రీగ నేర్పుతుండె" అని ధరణి ఏడిపించేది.

"నువ్వు కోడ్ రాసి కట్టుకో పోవే. ఈ చలికి ఎంతసేపు ఆగుతదో చూస్త" అనేది సాత్విక.

నేను మాట్లాడే మనిషిని కాను. మూడో తరగతితో బడి మానేసి కత్తెర పట్టాను. దుకాణంలో కూడా పొడవు, వెడల్పు, ఎప్పుడు కావాలి, ఇంతే నా మాటలు. ఆ పిల్ల మాత్రం ఏదో ఒక గుడ్డ తెచ్చి పక్కన కూర్చునేది. అడిగినదానికి చేత్తో చూపించేవాడిని.

డిసెంబరులో సాత్విక క్లాసుకు పరీక్ష. పాతకాలం రైల్వే ఆఫీసరు వేసుకునే ఉన్ని కోటు ఒకటి ఎవరికి వారే కుట్టి ఇవ్వాలి. లోపల బిగువుకు కాన్వాసు గుడ్డ పెట్టి, కాలరు చేత్తోనే కుట్టాలి. ఇంకొకరి చెయ్యి పడకూడదని కాగితం మీద సంతకం కూడా పెట్టించుకున్నారు.

"చూపించు చాలు తాతా, నువ్వు ముట్టొద్దు" అని మొదటి రోజే చెప్పింది. "ఆల్రెడీ ఒకసారి ఫ్రెండ్ డ్రాయింగ్ నాదని పెట్టి దొరికిన. వార్నింగ్ ఇచ్చిన్రు. మళ్ల దొరికితే కాలేజీల కెల్లి తీసేస్తరు. కాలేజీ పోతే ఈ దేశంల ఉండే పర్మిట్ పోతది."

సరే అన్నాను.

ఆదివారం మధ్యాహ్నం కోటు పైకి తెచ్చి వంటింటి బల్ల మీద పరిచింది. చేతులు, జేబులు బాగానే కుట్టింది. కాలరు మాత్రం ఒక పక్కకు గుంజుకుపోయి ఉంది. రెండుసార్లు విప్పి కుట్టింది. మళ్లీ అదే వంకర. అంతలో కాఫీ దుకాణంలో డ్యూటీకి వేళయింది. ఏడుపు మొహంతో కోటు బల్ల మీదే వదిలేసి బస్సు కోసం పరుగెత్తింది.

ఇంట్లో నేనొక్కడినే. కోటు ఎదురుగా ఉంది. అయిదు నెలలైంది నేను సూది పట్టి పని చేసి. కాలరు విప్పాను. కాన్వాసును వేలి మీద వంచి పట్టుకుని, గుడ్డ మెడ చుట్టూ తిరిగేలా చిన్న చిన్న పోగులు వేసుకుంటూ పోయాను. మూడు గంటలు పట్టింది. కోటును కుర్చీకి తొడిగి చూశాను. కాలరు మెడ వెనక మనిషి చెయ్యి వేసినట్టు కూర్చుంది.

డ్యూటీ నుంచి వచ్చి ఆ పిల్ల కోటును ముందూ వెనకా తిప్పి చూసింది. కాలరు ఎత్తి చూడలేదు. "తాతా, ఎంత పని జేసినవే" అంది. తర్వాత కోటు మడిచి సంచిలో పెట్టుకుంది. ఆమె విప్పలేదు. విప్పమని నేనూ అనలేదు.

వారం తర్వాత కాలేజీ నుంచి పిలుపు వచ్చింది. టీచరమ్మ కాలరు ఎత్తి చూసిందట. కింద మెడ కుట్టు దగ్గర ఎర్ర దారంతో మూడు పోగులు. ఇదేమిటని అడిగిందట.

అది నా గుర్తు. మా గురువు సీతారామారావు గారి దుకాణంలో తొమ్మిది మందిమి కుట్టేవాళ్లం. ఒక్కొక్కడికీ ఒక్కో రంగు. బట్ట మరమ్మతుకు వస్తే ఎవడు కుట్టాడో తెలియాలి కదా. గుర్తు వేసిన బట్టను నాది కాదన్నవాడు మళ్లీ ఆ దుకాణం మెట్టు ఎక్కేవాడు కాదు. యాభై రెండేళ్లుగా ఏ కోటు ముగించినా నా చెయ్యి ఆ మూడు పోగులు వేస్తుంది. వేశానన్న సంగతి కూడా నాకు గుర్తుండదు. ఆ రోజూ అలాగే వేసింది.

"మా తాత నేర్పిన గుర్తు, నేనే ఏసిన అని చెప్పిన" అంది సాత్విక. "ఆయనను తోలుకరమ్మన్నది. నువ్వొచ్చి కూసో తాతా, చాలు. ఏం మాట్లాడకు."

మాట్లాడకుండా కూర్చోవడం నాకు కష్టం కాదు అనుకున్నాను.

రైల్లో వెళ్లాం. పెద్ద గది. గోడల నిండా బొమ్మలకు తొడిగిన బట్టలు. టీచరమ్మ తల నెరిసిన మనిషి. చూపుడు వేలి కొన మీద సూది గాట్లున్నాయి. ఆమె చిన్న గుడ్డముక్కా కాన్వాసు ముక్కా సాత్విక ముందు పెట్టి కుట్టి చూపించమంది. పిల్ల సూది తీసుకుని మొదలుపెట్టింది. పది పోగులకే గుడ్డ ముడుచుకుపోయింది.

టీచరమ్మ నా వైపు తిరిగి ఏదో అడిగింది.

"కోటు కాలరు నువ్వు కుట్టినవా అని అడుగుతున్నది తాతా" అంది సాత్విక. మొహం మీద నవ్వు చెదరకుండా, అదే గొంతుతో, "లేదని తల ఊపు. నీ కాల్మొక్కుత. ఒక్కసారి ఊపు" అంది.

కోటు బల్ల మీద ఉంది. కాలరు ఎత్తి ఉంది. ఎర్ర పోగులు కనిపిస్తున్నాయి.

పిల్ల బతుకు అక్కడ ఉందని నాకు తెలుసు. ఆ తర్వాత చేసింది తెలిసే చేశాను. గురువు గారి మాట కోసమే అలా చేశానని చెప్పుకోవచ్చు. అది సగమే. నేను కుట్టిన కోట్లన్నీ ఎవరెవరి ఇళ్లలోనో చిరిగిపోయి ఉంటాయి, దుకాణం నీళ్లలో పోయింది. నా చేతిది అని చూపించడానికి ఆ కాలరు ఒక్కటే మిగిలింది. దాన్ని నాది కాదనలేకపోయాను.

తల ఊపలేదు. ఆ పిల్ల చేతిలో సూది తీసుకున్నాను. ముడుచుకున్న గుడ్డను సాపు చేసి ఆరు పోగులు వేశాను. టీచరమ్మ వంగి చూసింది. కోటు మీద ఉన్నిని ఒకసారి నిమిరింది. థాంక్యూ అంది. ఆ మాట నాకు తెలుసు.

తిరిగి వస్తుంటే సాత్విక కిటికీ వైపు కూర్చుంది. రెండు స్టేషన్లు దాటాక అంది.

"నువ్వు ముట్టకపోతే అది వంకరనే ఉంటుండె తాతా. వంకరదానికి గూడ పాస్ మార్కులు వస్తుండె."



నాలుగో రోజు ఉత్తరం వచ్చింది. సాత్వికను కాలేజీ నుంచి తీసేశారు. టొరంటోకు అవతల ఒషావాలో తెలిసినవాళ్ల గదిలో ఉండి, ఇంకో కాలేజీలో ఏదో ఒక కోర్సు చూసుకుంటానని శ్యామలతో చెప్పిందట. బట్టల చదువు ఇక వద్దందట.

శ్యామల నా మీద విరుచుకుపడింది. "ఒక్క అబద్ధం నాన్నా! యాభై ఏళ్లు కస్టమర్లందరికీ 'రేపు ఇస్తా, రేపు ఇస్తా' అన్నావు. అన్నావా లేదా? ఆ పిల్ల కోసం ఒక్కటి రాలేదా నీ నోట?"

అన్నాను. అది నిజమే.

ఆ సాయంత్రం మంచు మొదలైంది. ధరణి సాత్విక పెట్టెలు కట్టడానికి సాయం చేస్తున్న చప్పుడు కింద నుంచి వినిపించింది. నేను మెట్ల దాకా వెళ్లి వెనక్కి వచ్చాను.

మరునాడు పొద్దున ఎవరూ లేవకముందే గ్యారేజీలో పార తీసుకుని ఇంటి పక్కకు వెళ్లాను. బయటి నుంచి బేస్‌మెంట్‌లోకి దిగే మెట్లు పదకొండు. మోకాలు లోతు మంచు నిండి ఉంది. పై మెట్టు నుంచి ఎత్తి పోసుకుంటూ కిందికి దిగాను. అడుగున గడ్డకట్టిన చోట పార అంచుతో కొట్టి, జారకుండా ఉప్పు చల్లాను. ఆఖరి మెట్టు దగ్గర ఉండగా తలుపు తీసుకుని సాత్విక పెట్టెతో బయటికి వచ్చింది.

"జరుగు తాతా" అంది.

నేను గోడకు ఆనుకుని దారి ఇచ్చాను.