వినే కుర్చీ

"ఆ తుడిచే గుడ్డ పక్కన పెట్టి, నువ్వు కాస్త డిస్కులు మారుస్తూ ఉండు. నేను విని చెప్తాను," అన్నాడు లెక్కల మాస్టారు భార్యతో.

ఆమెకు నవ్వొచ్చింది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఈ గదిలో ఆమెకు దక్కిన ఉద్యోగాలు ఆ రెండే: తుడవడం, మార్చడం. రెండు స్పీకర్లకూ సరిసమాన దూరంలో ఆయన టేపుతో కొలిచి వేసుకున్న కుర్చీలో ఆమె ఏనాడూ కూర్చోలేదు. వద్దని ఎవరూ అనలేదు. పాట మొదలయ్యే వేళకు పొయ్యిమీద ఏదో ఒకటి ఉండేది, అంతే. ఆమె విన్న సంగీతమంతా కుక్కరు కూతల మధ్య విన్నదే. "యంత్రాల గోల మనకెందుకమ్మా, మగాళ్ళ సరదా," అనేది అత్తగారు. ఆవిడకూ పాటంటే ప్రాణమే. తలుపు చాటున నిలబడి వినేది. ఆవిడ పోయాక ఆ తలుపు చాటు ఈమెకు వారసత్వంగా వచ్చింది.

పాత ప్లేయరు మూలన పడితే దుకాణంవాళ్ళు రెండు కొత్తవి పంపారు, విని నచ్చినది ఉంచుకోమని. మాస్టారి డిస్కులు మామూలువి కావు. ఒక్కోదాంట్లో రెండు పొరలు: ఒకదాంట్లో మామూలు పాట, రెండోదాంట్లో అదే పాట మరింత వివరంగా. ఆ రెండో పొరను చదివే ప్లేయరే కావాలి.

నాలుగుసార్లు వంగి లేచేసరికి ఆమెకు నడుం పట్టేసింది. "నావల్ల కాదండీ," అంటూ ఆ కుర్చీలోనే కూలబడింది. ఆయన గతుక్కుమన్నా, మరుక్షణం తనే నేలమీద చతికిలబడి డిస్కులు మార్చసాగాడు. మంచి మనిషే. అడగందే తోచదు, అడిగితే కాదనడు.

మొదటి ప్లేయరులో గాయని చరణం ఎత్తుకునే ముందు పీల్చిన ఊపిరి వినబడింది. పాట చివర చిరుగంట ఒకటి మోగి, సన్నగా, ఇంకా సన్నగా కరిగిపోయింది. ఆ గంట వంటింటిదాకా ఎన్నడూ రాలేదు. రెండోదాంట్లో అదే గంట మధ్యలోనే మసకబారింది.

"రెండోదే గొప్పగా ఉంది కదూ?"

"కాదండీ. అది రెండో పొర చదవట్లేదనిపిస్తోంది."

ఆయన ఆ ప్లేయరుతో వచ్చిన పుస్తకం తిరగేశాడు. నిజమే. చివరి పేజీలో చీమల బారులాంటి అక్షరాల్లో రాసి ఉంది.

"ఎలా కనిపెట్టావే!"

"ఆసుపత్రిలో రోజూ నలుగురి చెవులు పరీక్షిస్తాను, ఆమాత్రం తెలీదా? ఆ గంటే చెప్పింది."

"ఏ గంట?"

మొదటిదాంట్లో మళ్ళీ పెట్టించింది. గంట మోగింది. ఆయన ముఖం కదల్లేదు. అలాంటి ముఖాలు ఆమె రోజూ చూస్తుంది. ఏడాదిగా "పిలిస్తే పలకరు, నేనంటే లెక్కలేదు" అని తను లోలోపల కుమిలిపోవడం గుర్తొచ్చి ఆమె గుండె నీరయింది.

"రేపు నాతో రండి, చెవులు చూస్తాను. భయమేం లేదు. వయసుతోపాటు సన్నటి శబ్దాలే ముందు జారుకుంటాయి."

ఆయన డిస్కు తీసి పెట్టెలో పెట్టేశాడు. "అయితే నాకింకెందుకు? రెండూ వెనక్కి పంపేద్దాం."

ఓదార్పు మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె దాన్ని మింగేసింది.

"మొదటిది ఉంచండి. నాకు కావాలి."

ఆయన తలెత్తాడు. "నీకా? ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మీరు అడగలేదుగా," అని కుర్చీలో వెనక్కి వాలింది. "మళ్ళీ పెట్టండి. ఈ పూట వంట మీదే."