విప్పని కట్టు

విరిగిన ఎముక కట్టించుకునేటప్పుడు మనిషి ఉన్న దేవుళ్ళందరినీ పిలుస్తాడు. కట్టు విప్పాక కట్టిన చేతినే మరిచిపోతాడు. బాన్సువాడలో ఎముకలు కట్టే గంగవ్వ ఇంట్లో అయితే మరిచిపోవడమే ఆచారం. కట్టు విప్పించుకున్నవాళ్ళు గడప దాటాక వెనక్కి చూడకూడదు, చూస్తే అతికినచోటే మళ్ళీ పుటుక్కుమంటుందని ఆమె అత్తగారి కాలం నుంచీ వస్తున్న మాట. ఎవరు పెట్టారో గానీ వాళ్ళ నోట్లో మన్నుపడ! మొగుడు పోయి, పిల్లాజెల్లా లేని ఆ ముసలామె పాతికేళ్ళుగా జనం వీపులే చూస్తోంది.

నిజాంసాగర్ నీళ్ళొచ్చి, చెరుకు పెరిగి, బోధన్ చక్కెర మిల్లుకు బళ్ళు కట్టే కాలం అది. ఒక బండి బోల్తాపడి రూప్లి మోకాలి కింద ఎముక విరిగింది. మొగుడు లోక్యా జుక్కల్ అవతలి లంబాడీ తాండా మనిషి. నలుగురి సాయంతో ఆమెను మంచం మీద మోసుకొచ్చాడు. గంగవ్వ కాలు లాగి, ఎముక కొసలు ఒకదానికొకటి ఎదురయ్యేలా సరిచేసి, గుడ్డు సొన, మినప్పిండి పట్టించి, వెదురు బద్దలతో తొడదాకా బిగించింది.

"రెండు నెలలు ఈడనే ఉండాలె. పిల్లను తీస్కపో, కాలు మీద పడ్తది," అంది లోక్యాతో. రెండేళ్ళ కూతురు ఏడుస్తూ పోయింది.

రూప్లి ఉంది. ఉండి ఇల్లంతా నోటితో నింపేసింది. నల్లేరు పచ్చడి పెడితే, "బొక్క అతికేలోపు నాలుక ఊడిపోతదవ్వా!" అనేది. "చారుల ఉప్పేదవ్వా, కిరాయికిచ్చినవా?" అనేది. గంగవ్వ తిట్టేది, తిడుతూనే నవ్వేది. తనొక్కదానికే వండుకునే చిన్న కుండ మూలన పెట్టి, అటక మీది పెద్ద కుండ దించింది.

రెండో నెల చివర కట్టు సందున వేలు పెట్టి నొక్కి చూసింది. మొదట్లో కొసలు కరకరలాడేవి. తర్వాత అక్కడ తాటిముంజెలా మెత్తగా ఏదో పేరుకుంది. ఇప్పుడు గట్టి బుడిపె తగిలింది. విరిగినచోట ఒళ్ళు తనకు తానే వేసుకున్న ముడి అది. రూప్లికి నొప్పి కూడా లేదు. గంగవ్వ వేలు తీసేసింది. అతికింది, ఇక పోతుంది.

"ఇంకా పచ్చిగనే ఉన్నది బిడ్డా," అంది.

ఆ నెల వచ్చిన లోక్యాకూ అదే చెప్పి పంపేసింది. బరువు మోయని ఎముక పస తగ్గుతుందనీ, వంచని మోకాలు బిగుసుకుంటుందనీ ఆమెకు తెలియదా? శుభ్రంగా తెలుసు! చేతి విద్య చేతిలోనే ఉంది, మనసే అడ్డం తిరిగింది. అలా మూడు వారాలు గడిచాయి.

లోక్యా మళ్ళీ వచ్చాడు. మొదటి నెల చూడ్డానికొచ్చినప్పుడు తల్లి మీదికి దూకిన పిల్ల, ఈసారి తండ్రి మెడ వెనక మొహం దాచుకుంది.

"రా బిడ్డా, నేను నీ యాడిని! నీ అమ్మను!" అని రూప్లి చేతులు చాపింది. పిల్ల ఏడుపు లంకించుకుంది.

"ఇప్పుడు మా అమ్మనే యాడి అంటది," అన్నాడు లోక్యా, నేల చూస్తూ. రూప్లి నోరు ఆ ఇంట్లో మొదటిసారి మూతపడింది.

గంగవ్వ లేచింది. కొడవలి తెచ్చి తాళ్ళు కోసేసింది. పిక్క పుల్లలా సన్నబడింది. మోకాలు సగం కూడా వంగలేదు. రూప్లి కెవ్వుమంది.

"అతికి మూడు వారాలైంది బిడ్డా. నేనే ఇప్పలే. నువ్వు పోతవని భయమైంది." గంగవ్వ కోసిన తాళ్ళు పక్కకు నెట్టింది. "నువ్వుల నూనె రాసి రోజింత వంచు, రోజింత బరువెయ్యి. పోను పోను సాగుతది."

రూప్లి ఆమె కళ్ళలోకి చూసింది. తిట్టినా బాగుండేది! మొగుడి భుజం పట్టుకుని కుంటుతూ గడప దాటింది.

గంగవ్వ వాకిట్లో నిలబడింది. రూప్లి కాలు బాగుండాలి, వెనక్కి చూడకూడదు అనుకుంది. ఒక్కసారి చూస్తే ఏం పోతుంది అని కూడా అనుకుంది. రూప్లి మలుపుదాకా పోయింది, మలుపు తిరిగింది. తల తిప్పలేదు. ఆచారమని చూడలేదా, అసహ్యమేసి చూడలేదా? పాతికేళ్ళలో ఎవరి వీపు చూసీ రాని అనుమానం ఇది. ఎవరినడుగుతుంది?

లోపలికొచ్చి పొయ్యి ముట్టించి ఎసరు పెట్టింది. నీళ్ళు కాగాక గానీ చూసుకోలేదు, పెట్టింది పెద్ద కుండ.