అజ్ఞాత చిత్రకారుడు

మల్లవ్వకు పట్నమంతా నీళ్లలో ముంచి తీసినట్టుంది. పొద్దున కంటి దవాఖానలో పోసిన మందు ఇంకా దిగలేదు. అద్దాల చీటీ సాయంత్రం ఇస్తామన్నారు. అందాకా ఎండలో పడి ఉండడమెందుకని కూతురు నీల ఆమెను దగ్గరలోని మ్యూజియానికి తీసుకొచ్చింది.

"గీడ ఏమమ్ముతరు బిడ్డా?"

"ఏమమ్మరవ్వా. చూసుడే."

"కొననియ్యరు, ముట్టనియ్యరు. మరి టికెటెందుకు?"

నీల నవ్వింది. సిరిసిల్లలో ఇంటరు దాకా చదివి, పట్నానికి కోడలై వచ్చిన పిల్ల. మల్లవ్వకు నవ్వు రాలేదు. ఆమె ప్రాణమంతా ఇంటి దగ్గరే ఉంది.

కొడుకు గంగారాం పగలు సాంచాల మీద బట్ట నేసేవాడు, తీరినప్పుడు గోడల మీద రంగులతో బొమ్మలు, నినాదాలు రాసేవాడు. అలా రాస్తూ రాస్తూ ఒకనాడు అడవిలో అన్నల్లో కలిశాడు. 'అజ్ఞాతంలోకి సిరిసిల్ల యువకుడు' అని పేపర్లో పడింది. ఇల్లు వెతికిన పోలీసులూ ఆ మాటే, పాలు పోసే సత్యవ్వా ఆ మాటే. అక్షరం ముక్క రాని మల్లవ్వకు వచ్చిన పుస్తకాల మాట అదొక్కటే.

మొన్న కథలాపూర్ అవతల ఎన్‌కౌంటరైంది. గుర్తుపట్టరాని శవాన్ని పోలీసులే కాల్చేశారు. అది తన కొడుకేనని భర్త రాజలింగం గట్టిగా నమ్మాడు. "పిట్టకు పెడుదాం. పోయినోడికి ఇంత ముద్దన్న ముట్టాలె గదా. నువ్వు ఊఁ అను" అన్నాడు. పట్నం పోయొచ్చి చెప్తానని మల్లవ్వ తప్పించుకొచ్చింది.

లోపలి గదిలో గోడల నిండా బొమ్మలే. నీల ఒక దాని కింద రాసింది చదివింది. "వీణ వాయించు స్త్రీ. చిత్రకారుడు, అజ్ఞాత."

మల్లవ్వ కూతురి మణికట్టు పట్టుకుంది. "ఏమన్నవ్?"

"అజ్ఞాత..."

"మెల్లగ! పోలీసాయన ఉన్నడు." తలుపు దగ్గర ఖాకీ బట్టల కావలి మనిషి కునుకుతున్నాడు. మల్లవ్వ బొమ్మ మీదికి వంగింది. ఎరుపు ఎరుపుగా, పచ్చ పచ్చగా ఏదో కదిలింది తప్ప ఏమీ తెలియలేదు. "మనోడు గీసిందేనా?" అని గుసగుసలాడింది.

"పెద్దమ్మా, దూరం! ముట్టద్దు!" కావలి మనిషి లేచాడు.

మల్లవ్వ రెండు చేతులూ జోడించింది. "మాకెవ్వలు తెల్వదు సారూ. మా ఇంటికెవ్వలు రాలే."

అతను బిత్తరపోయి నీల వైపు చూశాడు. నీల తల్లిని పక్కకు లాగింది.

"అవ్వా, గా అజ్ఞాత వేరే. గీసినోడెవలో తెల్వదని రాసిండ్రు."

"మనోడు గూడ యాడున్నడో తెల్వదు. వేరేముంది?"

నీల బొమ్మ కింద రాసింది మళ్లీ చూసింది. "ఇది రెండొందల ఏండ్ల కిందటిదే అవ్వా."

"అప్పుడు గూడ అన్నలున్నరా?"

పక్క బొమ్మా అజ్ఞాతదే. దాని పక్కదీ అంతే. "గింతమందా!" అంది మల్లవ్వ. "వీళ్ల అవ్వలు ఎంతగనం ఏడ్చిండ్రో! మనోని పేరు తెల్సి ఇల్లంత ఆగం జేసిరి. వీళ్ల పేరు తెల్వకుంటే బంగారు చట్రం గట్టి నిలవెట్టిరి. ఇదేం లెక్కనే?"

ఆ చివర బొమ్మ కింద మాత్రం ఎవరో తెల్లదొర పేరుంది. పేరు పక్కన రెండు సంవత్సరాలున్నాయి.

"గవేంది?"

"పుట్టిన ఏడు, పోయిన ఏడు."

"పోయిన ఏడు గూడ రాస్తరా? మరి గా అజ్ఞాతోళ్లకు?"

నీల వెనక్కి నడిచి ఒక్కొక్కటీ మళ్లీ చూసి వచ్చింది. "లేదవ్వా. తెల్వనిది ఎట్ల రాస్తరు?"

మల్లవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మందో, నీళ్లో, ఆమెకే తెలియలేదు.

"ఇంత సదువుకున్నోళ్లే తెల్వక రాయలే. మీ బాపు ఎట్ల రాస్తడే? పిట్టకు పెట్టుడు వద్దని చెప్పు."

"అంటే తమ్ముడు ఉన్నట్టా అవ్వా?"

"నాకేమెర్క?"

"మరి బాపు అడిగితే ఏం జెప్పాలె?"

మల్లవ్వ ఆ మసక రంగుల వైపు చెయ్యి చూపింది.

"ఇంకా తెల్వదట అని చెప్పు."