సీటుగుడ్డ జెండా

తోలియక్క ఒంటిమీది నీలం కోటును లైను మధ్యలోనే విప్పించారు.

విప్పించినవాడు ఇంజనీరు బార్రియెంతోస్. మిషన్లు ఆపలేదు. కార్ల సీట్లకు తొడుగులు కుట్టే షెడ్డు అది. తల పైకెత్తితే కుట్టు తప్పుతుంది. అయినా యాదీరా తలెత్తి చూసింది. తోలియక్క గుండీలు విప్పలేకపోతోంది. కుడి అంచు కుట్టీ కుట్టీ వంకర్లు పోయిన వేళ్లవి.

"త్వరగా కానీ అమ్మా, కోటు కంపెనీది," అన్నాడు ఇంజనీరు.

కోటు కింద పాత రవిక, చంక దగ్గర చిరుగు. రోజంతా సీట్లు కుట్టే మనిషి తన చిరుగు కుట్టుకోలేదు. ఆ చిరుగుతోనే వందలమంది ముందు నుంచి గుమ్మం దాకా నడిచింది.

"నన్ను తిట్టుకోకండి," ఇంజనీరు గొంతు పెంచాడు. "రాజధానిలో కూర్చున్నోళ్లని తిట్టుకోండి. మీ కూలి రెట్టింపు చేసింది వాళ్లు. ఆ డబ్బు నేను ఆకాశం నుంచి దింపనా? కొంతమంది పోక తప్పదు."

ఆ జనవరిలో దేశపు ఉత్తర సరిహద్దు ఊళ్లన్నిటిలోనూ కనీస కూలి రెట్టింపయింది. కబురు తెలిసిన రోజు ఆడవాళ్లు లైనులోనే ఒకరినొకరు గిల్లుకుని నవ్వుకున్నారు. తీరా జీతం కవరు విప్పి చూస్తే కూలి అన్నచోట అంకె పెరిగింది, కిందున్నవన్నీ మాయమయ్యాయి. హాజరు బోనసు లేదు. తిండి కూపన్లు లేవు. కంపెనీ బస్సుకి ఇకనుంచి చార్జీ. ఈ చేత్తో పెట్టి ఆ చేత్తో లాక్కున్నారు. లైనులో మనుషులు తగ్గారు గానీ, రోజుకి కుట్టాల్సిన సీట్లు తగ్గలేదు.

బయట ఇంకో పీడ. గుడ్లు పిరమయ్యాయి. మొక్కజొన్న రొట్టెలు పిరమయ్యాయి. గది యజమానురాలు వచ్చి, "మీకేంటమ్మా, డబల్ జీతాలు!" అంటూ అద్దె పెంచి పోయింది. రాని డబ్బుకి అందరూ వాటాలకొచ్చారు.

యాదీరాకి ఇవన్నీ ఒక ఎత్తు, కొడుకు నాహూము ఒక ఎత్తు. వాడికి ఇంకా ఏడాది నిండలేదు. తండ్రి ఎప్పుడో ఇంకో ఊరు, ఇంకో కాపురం చూసుకున్నాడు. ఉద్యోగం ఉన్న తల్లి బిడ్డకే శిశుగృహంలో చోటు. ఉద్యోగం పోయిందంటే పిల్లాడు వీధిలో, పిల్లాడు వీధిలో ఉంటే ఇంకో ఉద్యోగానికి వెళ్లే దారి లేదు. తోలియక్క నడిచిపోయిన దారినే చూస్తూ ఆమె అదే లెక్క తిప్పి తిప్పి వేసుకుంది. వెంటనే ఒక సీటు పాడు చేసింది.

*

ఆదివారం మధ్యాహ్నం సిప్రియానో కొట్టు వెనక పెరట్లో చేరారు. వీధి మొత్తానికి రొట్టెలూ గుడ్లూ బీన్సూ అమ్మేది ఆయనే. చోటు ఇచ్చాడు గానీ, పూర్తిగా వీళ్ల పక్షమేం కాదు.

"అడగని వరమిచ్చి ఉన్నది ఊడబెరికారు," అందొకామె. "పాత కూలే నయం."

"నయమా?" నెరైదా లేచింది. బట్ట కత్తిరించే చోట పనిచేసే మనిషి, నోరూ కత్తెరే. "పాత కూలి ఉన్నప్పుడు గుడ్డు ధర నిలబడిందా? నా పెద్దది పుట్టినకాడి నుంచి ఏటా పెరుగుతానే ఉంది. అప్పుడెవరి కూలి పెరిగిందని పెరిగిందే?"

"అంత తేలిగ్గా అనమాకు అమ్మాయ్," అన్నాడు సిప్రియానో. "నా దగ్గర రొట్టెలు కాల్చే ఇద్దరికీ నేనూ రెట్టింపు ఇస్తన్నా. ఎక్కణ్ణించి తేను? రొట్టె మీద కాస్త వేశా. ఉన్నమాట."

"రొట్టె మీదంటే సరే బాబాయ్. మరి గుడ్లు? నీ కోళ్లు కూడా కనీస కూలి అడిగాయా?"

పెరడంతా నవ్వింది. సిప్రియానో మెడ ఎర్రబడింది.

"గుడ్లు... టోకువాడు పెంచాడు. అందరూ వేస్తన్నారు కదాని నేనూ ఓ చెయ్యేశా. మీ చేతుల్లో డబ్బు ఆడుద్దనుకున్నా. ఏం ఆడింది? మీ కూపన్లు ఆగినకాడి నుంచి గుడ్లు బుట్టల్లోనే మురుగుతన్నాయి. మీకు లేకపోతే నాకూ లేదే, పిచ్చిమొహాల్లారా! నాకది ఇప్పుడు తెలిసింది."

తోలియక్క ఓ మూల తిరగేసిన డబ్బా మీద కూర్చుని ఉంది. "సిప్రియానో రొట్టెలో పిండి ఎంతో, కూలీ అంత. కాస్త ధర పెరుగుద్ది. ఒప్పుకుంటా. కూలి పెరిగినోడు కొనుక్కుంటాడు. కానీ కారు సీటులో నా కూలెంత? దారం ఖరీదైనా ఉంటదా? ఆ కాస్తకే నా కోటు విప్పించాలా?"

యాదీరా ఒళ్లో పిల్లాణ్ణి సర్దుకుని అడిగింది. "నిజంగానే మూసేసుకుని పోతే, అక్కా? వేరే దేశం పోతామంటన్నారుగా. అప్పుడు నా పిల్లాడి గతేంటి?"

అందరి భయమూ అదే.

"పోతే పోవచ్చే తల్లీ. నీకు అబద్ధం చెప్పను," అంది తోలియక్క. "నేను చేరిన్నాటి నుంచీ పోతామనే అంటన్నారు. అంటానే నిరుడు కొత్త షెడ్డు కట్టారు. పోయేవాడు షెడ్డు కడతాడా? ఒకటి మాత్రం తెలుసు. నోరు మూసుకుని ఉన్నందుకు నన్నేమీ ఉంచలేదు."

అక్కడే తేల్చుకున్నారు. బోనసు, కూపన్లు వెనక్కి రావాలి. తీసేసినవాళ్లు మళ్లీ లోపలికి రావాలి. రాకపోతే సమ్మె.

*

సమ్మె అంటే గేటుకి ఎరుపు నలుపు జెండా కట్టాలి. తాతల నాటి ఆచారం అది, చట్టం కూడా. జెండా కట్టాక సమ్మె తెగేదాకా యజమాని కూడా గేటు దాటకూడదు. ఆ జెండా తేవాల్సింది యూనియన్ నాయకుడు. ఆయన ఫోను ఎత్తలేదు. చివరికి ఎత్తినప్పుడు, "జెండా ఆఫీసులో ఉంది, తాళం నా దగ్గర లేదు," అన్నాడు. ఆయన కొడుక్కి కంపెనీలో మెత్తని కుర్చీ ఉందని అందరికీ తెలుసు.

"వాడి జెండా ఎవడికి కావాలే?" అంది నెరైదా. "రోజంతా మనం కుట్టేదేంటి? ఎర్రగుడ్డ, నల్లగుడ్డ."

సోమవారం తిండి విరామంలో ఆమె రెండు ముక్కలూ కత్తిరించి లైను మీదికి తోసింది. చిక్కు అక్కడే వచ్చింది. ఆ షెడ్డులో ఒక్కరికీ ఒక వస్తువు మొదటి నుంచి చివరిదాకా కుట్టడం రాదు. ఒకరికి నడిమి కుట్టు, ఒకరికి పై మడత. యాదీరాకి ఎడమ అంచు. ఏళ్లుగా అంతే. కాబట్టి జెండా కూడా సీటులాగే చేతి నుంచి చేతికి నడిచింది. గుమ్మం వైపు ఓ కన్నేసి ఎవరి కుట్టు వాళ్లు వేశారు. చివరికి చూస్తే అది చాపలా బిగుసుకుని ఉంది.

"ఎవరే ఇందులో స్పాంజి పెట్టింది?"

"నేనే! లైను మీదొస్తే పెట్టకుండా ఎట్టా ఉంటానే? చెయ్యి పెట్టేసింది!"

"ఇది జెండానా, పరుపా?"

"పరుపే. సమ్మెలో పడుకోవాలిగా!"

భయంలోంచి వచ్చిన నవ్వు పెద్దదవుతుంది. విరామం అయి పక్క లైన్లు మళ్లీ మోగుతుంటే, ఆ నవ్వుతోనే తమ మిషన్లు ఆపారు. ఒక లైను ఆగితే పక్క లైను తలెత్తింది. అదీ ఆగింది. షెడ్డు మొత్తం నిశ్శబ్దమైంది. యాదీరా చేరాక పనివేళ ఆ షెడ్డు నిశ్శబ్దంగా ఉండడం అదే మొదలు.

తోలియక్కది కాబట్టి ఒక్క కుడి అంచు కుట్టకుండా వదిలేసి, జెండాతో అందరూ గేటు బయటికి నడిచారు. గేటు బయట నిలబడిన తోలియక్క సూదీ దారం తెప్పించుకుంది. మట్టిలో కూర్చుని, వంకర వేళ్లతో ఆ అంచు చేత్తో కుట్టింది. కుట్టి లేచాక జెండా గేటుకి ఎక్కింది. గాలి వీచినా అది ఎగరలేదు. తలుపులా నిలబడింది.

యాదీరా పరుగున వెళ్లి శిశుగృహం నుంచి నాహూముని తెచ్చుకుంది. వాళ్లు పొమ్మనేలోగా తానే తెచ్చుకోవడం నయమనిపించింది.

*

సాయంత్రానికి పోలీసులు వచ్చారు. ముందు కంపెనీ కాపలావాళ్లు జెండా పట్టుకుని లాగారు. చిరగలేదు. ఇద్దరు వేలాడారు. గేటు ఊగింది గానీ కుట్టు వీడలేదు.

"లాగండి లాగండి, నాణ్యత పరీక్ష!" అని నెరైదా అరిచింది. "మా సీట్లలో ఒక్కటి కూడా తిరిగి రాదు!"

ఇంజనీరు పోలీసు అధికారి చెవిలో ఏదో చెప్పాడు. అధికారి ముందుకొచ్చాడు. "ఇది కంపెనీ గుడ్డ. దొంగతనం. ఎవరు కుట్టారు? ఒక్క పేరు చెప్పండి, మిగతావాళ్లు ఇళ్లకి పోవచ్చు."

ఇంజనీరు జెండా దగ్గరికి వెళ్లి ఎడమ అంచు మీద వేలు పెట్టి నడిపాడు. కుట్టు చూసి అది ఎవరి చెయ్యో చెప్పగలడు, ఆ విద్య ఉంది వాడికి. తిరిగి సూటిగా యాదీరా ముందుకొచ్చాడు.

"ఇది నీ చెయ్యే. నువ్వు మంచిపిల్లవి, యాదీరా. చంకన పిల్లాడున్నాడు. గుడ్డ కత్తిరించింది ఎవరో చెప్పు చాలు. రేపు నీ మిషను నీకుంటది, వీడి చోటు వీడికుంటది. లేదా, రెండూ ఇప్పుడే పోతాయి."

యాదీరా పిల్లాణ్ణి ఇంకో చంకకి మార్చుకుంది. నాహూము ఆమె జడ పీకుతున్నాడు. పాలు చేపుకొచ్చి రవిక తడిసింది. ఒక్క పేరు. పక్కనే నెరైదా నిలబడి ఉంది. చెప్పమనలేదు, వద్దనలేదు. పాపం, ఆమె కళ్లు నేలమీదున్నాయి. ఆమెకూ ఇంట్లో ముగ్గురు.

"ఎడమ అంచు నాది," అంది యాదీరా. ఒక అడుగు ముందుకేసింది. మళ్లీ అంది. "ఎడమ అంచు నాది సార్. అంతకు మించి మాకు మీరు నేర్పలేదుగా. మిగతాది లైనుది."

"పై మడత నాది," అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"నడిమి కుట్టు నాది."

"స్పాంజి నాదయ్యా, బుద్ధిలేక పెట్టా!"

"కత్తెర నాది," అంది నెరైదా తలెత్తి.

"కుడి అంచు చేత్తో కుట్టా. రాసుకో నాయనా, యూస్తోలియా," అంది తోలియక్క. "నేనిప్పుడు కంపెనీ మనిషిని కూడా కాదు."

అధికారి అంతమందిని ఏ వ్యానులో ఎక్కించగలడు? దొరికిన చెయ్యి పట్టుకున్నాడు. అది యాదీరాది. ఆమె పిల్లాణ్ణి తోలియక్క చేతుల్లో పెట్టింది. పెట్టే చేతులు విడిపడడానికి ఒక క్షణం పట్టింది. వాడు గుక్కపట్టాడు. వ్యాను తలుపు మూసుకుంది.

వ్యాను కదల్లేదు. ముందర ఆడవాళ్లు నేలమీద కూర్చున్నారు. సిప్రియానో బీన్సు కుండ తెచ్చి సరిగ్గా చక్రాల ముందు దింపి, గరిటె చేత పట్టుకున్నాడు. పోలీసులు కర్రలు తీశారు. మొదటి దెబ్బలు పడ్డాయి. ఒకరు లేస్తే ఆ చోటికి ఇంకొకరు జరిగారు.

అప్పుడే రోడ్డుకి అవతల, కారు దీపాలకు తీగలు అల్లే కంపెనీ గేటు తెరుచుకుంది. షిఫ్టు ఇంకా అవలేదు. అయినా పచ్చకోట్ల వాళ్లు గుంపులుగా బయటికొచ్చారు. వాళ్ల కూపన్లూ పోయాయి.

యాదీరా వ్యాను జాలీకి ముఖం ఆనించింది. "అక్కా! వాడు ఏడుపు ఆపాడా?"

"ఆపలేదే! ఏడవనీ, ఊపిరి బానే ఉంది!" తోలియక్క పిల్లాణ్ణి భుజాన వేసుకుని జాలీ దగ్గరికి తోసుకొచ్చింది. "ఇదిగో, వీళ్లకీ జెండా కావాలంట. అచ్చం అట్టాంటిదే కావాలంట, చిరగనిది!"

యాదీరా ముక్కు తుడుచుకుంది. పచ్చకోట్ల మీదుగా, ఇంకా మూయని ఆ గేటు కేసి చూసింది.

"వెడల్పెంతో అడుగు," అంది.